వెనక్కి తిరిగిన సీట్లు

ఒకచోట ఎక్కువై ఇంకోచోట తక్కువైతే మా అక్కకి ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడు నా కంచంలో కూర కాస్త ఎక్కువ కనిపిస్తే అడక్కుండా తీసి నాన్న కంచంలో వేసేది. పెళ్లై మా పక్క వాటాలోనే కాపురం పెట్టాక కూడా ఆ బుద్ధి పోలేదు. మా ఇంటికొచ్చి కూర్చున్న కాసేపట్లో ఈ గది కుర్చీ ఆ గదిలోకి, ఆ గది దిండు ఈ గదిలోకి మార్చేస్తుంది. ఇదేం రోగమే అంటే, "అక్కడ ఖాళీగా ఉందిగా," అంటుంది. అలాంటి మనిషికి వెతికి తెచ్చి ఇచ్చినట్టు ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది.

మా ఊళ్లో అద్దె సైకిళ్లున్నాయి. స్టాండు దగ్గరికెళ్లి ఫోను చూపిస్తే సైకిలు తాళం ఊడుతుంది. తొక్కుకుంటూ పోయి ఇంకే స్టాండులోనైనా పెట్టేసి మన దారిన మనం పోవచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా వీధులున్నది మిట్ట మీద, ఆఫీసులూ ఆసుపత్రీ దుకాణాలూ దిగువన. పొద్దున జనం హాయిగా జారుకుంటూ కిందికి దిగుతారు. సాయంత్రం పైకి తొక్కమంటే మాత్రం ఆయాసం గుర్తొచ్చి రైలెక్కుతారు. దాంతో పై స్టాండు బోసిపోతుంది, కింది స్టాండులో సైకిలు పెట్టడానికి చోటుండదు. కింద పేరుకుపోయిన సైకిళ్లని వ్యానులోకెక్కించి పైకి చేర్చడం మా అక్క పని. సైకిలు ఎత్తే ముందు టైరు నొక్కి చూస్తుంది, రెండు బ్రేకులూ పట్టి చూస్తుంది. చెయ్యి దానంతటదే పోతుంది, కళ్లు ఎక్కడో ఉంటాయి.

ఈ సైకిళ్ల వాళ్లలో ఒక గుర్తు ఉంది. తొక్కుతుండగా సైకిలు చెడిపోతే, స్టాండులో పెట్టేటప్పుడు సీటు వెనక్కి తిప్పి పెడతారు. తర్వాత వచ్చినవాడు సీటు చూసి దాన్ని ముట్టుకోడు, అక్క చూసి వ్యానులో వేసుకుపోతుంది. కంపెనీ పెట్టిన నియమం కాదిది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు. ముక్కూ మొహం తెలియని మనిషి పడిపోకూడదని ఇంకో ముక్కూ మొహం తెలియని మనిషి ఆగి, వంగి, సీటు తిప్పి పోతాడు. ఊరి మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్కటి చూస్తే మాత్రం కోపం తగ్గుతుంది.

మా బావ రైలు డ్రైవరు. మిట్ట మీది స్టేషను నుంచి దిగువ దాకా, మళ్లీ పైకి. మాటకారి. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను కాబట్టి నన్ను "నాలుగు కళ్ల మరదలా" అని పిలిచేవాడు, నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ మాటలన్నీ వానాకాలంలో ఆగిపోయాయి. ఒకరోజు స్టేషనులోకి వస్తున్న ఆయన రైలు ముందు ఒక మనిషి పట్టాల మీదికి దిగాడు. కావాలనే దిగాడని తర్వాత తేలింది. పైవాళ్లు వచ్చి చూసి, రాసుకుని, బావ భుజం తట్టి, నీ తప్పేం లేదన్నారు. రెండు రోజులు సెలవిచ్చి మళ్లీ అదే రైలెక్కించారు. అక్కా అదే మాట అంది, నేనూ అదే అన్నాను. ఇంటికొచ్చిన చుట్టపక్కాలందరూ పాపం అదే అన్నారు. బావ తలూపేవాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు. గొంతు సన్నబడి, ఎవరో పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించేది.

చలి మొదలయ్యే సరికి డ్రైవర్లు సమ్మెకి దిగారు. ఇలాంటిది జరిగినప్పుడు డ్రైవరుకి తగినన్ని రోజులు సెలవివ్వాలి, డాక్టరు సరేనన్నాకే మళ్లీ రైలెక్కించాలి. అడిగింది అంతే. తన పేరెక్కడా రాకపోయినా ఈ కోరిక ఎవరి వల్ల పుట్టిందో బావకి తెలుసు, మాకూ తెలుసు. సమ్మె మొదటి రోజు బావ కడుపునిండా తిన్నాడు. రైలెక్కక్కర్లేని రోజు అది. సమ్మె ఓడితే మళ్లీ ఎక్కాలి. ఆయన భయమంతా అదే, పైకి మాత్రం నోరెత్తలేదు.

ఇక్కడ మా అక్క సంగతి చూడాలి. రైళ్లు ఆగిన పొద్దుటి నుంచి ఊరు సైకిళ్ల మీద పడింది. బడి వదిలాక సైకిలు ముట్టనివాళ్లు కూడా ఎక్కారు. ఒకాయన మెడకి టై కట్టుకుని, ఒక చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, గోడ పట్టుకుని బయల్దేరడం నేను కళ్లారా చూశాను. మనిషి కనుమరుగయ్యేదాకా ఎదురుచూశాను, పడలేదు. టీ నీళ్లు చల్లారేలోపు పై స్టాండు ఖాళీ అయిపోయేది. అక్క వ్యాను వేసుకుని కిందికీ మీదికీ బొంగరంలా తిరిగింది. ఖాళీ స్టాండు ముందు నిలబడ్డ మొహాలు చూస్తే ఆమెకి అన్నం సయించేది కాదు. మధ్యాహ్నం భోజనం స్టీరింగు మీదే.

నాలుగు రోజులు పోయాక పేపర్లో అక్క ఫోటో వచ్చింది. రెండు చేతులా సైకిలెత్తి వ్యానులో పెడుతూ ఉంది. కింద పెద్ద అక్షరాలతో, రైళ్లు ఆగినా ఊరు ఆగలేదు అని. వాటాల వాళ్లందరూ వచ్చి అభినందించారు. బావ ఆ పేపరు మడిచి గూట్లో పెట్టి బయటికెళ్లిపోయాడు. సమ్మె శిబిరంలో తోటి డ్రైవర్లు ఆయన్ని ఆటపట్టించారట, మీ ఆవిడ ఉండగా ఊరికి రైలెందుకోయ్ అని. సాయంత్రం తిరిగొచ్చిన బావ మొహం మాడిపోయి ఉంది.

"నువ్వే మా కడుపు కొడుతున్నావు," అన్నాడు అక్కతో. "నువ్వు సైకిళ్లు అందిస్తున్న కొద్దీ మా మాట వినేవాడెవడు?"

"అందరినీ నేను మోస్తున్నానా ఏంటి?" అంది అక్క. "మీ ఒక్క రైల్లో ఎక్కే జనం నా సైకిళ్లన్నీ కలిపినా పట్టరు. మిగతావాళ్లు ఏమయ్యారనుకుంటున్నారు? మోకాళ్ల నొప్పులవాళ్లు ఇంట్లో కూర్చున్నారు. ఊరవతల ఉండేవాళ్లు పనులు మానుకున్నారు. పేపరువాడికి సైకిలెక్కినవాడే కనిపిస్తాడు, ఎక్కలేనివాడు ఫోటోలో పడడుగా. మీ రైలు లేని లోటు నేను తీర్చలేనండీ. తీర్చలేక చస్తున్నాను."

మంచి మాటే. కానీ కోపంలో ఉన్నవాడికి మంచి మాట చెవికెక్కదు. రాత్రి భోజనాల దగ్గర ఆ బిగువు తట్టుకోలేక, కోపం చల్లార్చాలని అక్క ఆ రోజు చూసినవి చెప్పడం మొదలుపెట్టింది. జనం తెలివి మీరిపోయారట. మధ్యాహ్నం మంచి సైకిలొకటి చూసుకుని దాని సీటు వెనక్కి తిప్పి పోతున్నారట. పాడైందనుకుని ఎవరూ తీసుకోరు కదా, సాయంత్రం వచ్చి సీటు సరిచేసుకుని దర్జాగా తొక్కుకుపోవచ్చు. "ఈ మధ్య తిప్పిన సీట్లలో సగం అబద్ధాలే," అంది అక్క నవ్వుతూ. నేను పడీ పడీ నవ్వాను. బావ నవ్వలేదు, చేయి కడుక్కుని లేచాడు.

మర్నాడు పొద్దున దుకాణానికి వెళ్లడానికి నేను అక్క వ్యానెక్కాను. ముందురోజు చీకటి పడేదాకా మోసి పై స్టాండు దాదాపు నిండుగా నింపి వచ్చింది కాబట్టి, దాన్నొకసారి చూసి కిందికి దిగుదామంది. వెళ్లేసరికి స్టాండు నిండుగానే ఉంది. జనం కూడా నిండుగా ఉన్నారు. ఒక్కరూ సైకిలు తీయడం లేదు. వరస మొదటి నుంచి చివరి దాకా ప్రతి సైకిలు సీటూ వెనక్కి తిరిగి ఉంది.

"అన్నీ పాడైపోయినవి తెచ్చి పెట్టారేంటమ్మా?" అని ఒకాయన అక్క మీదికొచ్చాడు.

అక్క ఆయన్ని తప్పించుకుని ముందుకెళ్లింది. మొదటి సైకిలు టైరు నొక్కింది, బ్రేకు పట్టింది. బాగుంది. రెండోది బాగుంది. మూడోది కూడా బాగుంది. ఆమె చేతులు ఆగిపోయాయి. నా వైపు తిరిగి చూసింది. రాత్రి భోజనాల దగ్గర ఆ ముచ్చట విన్నది ఇద్దరమే, అందులో ఒకదాన్ని నేను.

"ఎవరి పనో తెలుసుగా," అంది.

ఎప్పుడూ గట్టిగా మాట్లాడని అక్క ఆ రోజు నిప్పులు చెరిగింది. చుట్టూ జనం, "త్వరగా కానివ్వండమ్మా, ఆలస్యమవుతోంది," అంటూ తోసుకొస్తున్నారు. నన్ను వాళ్లని వరసలో నిలబెట్టమని, తను సీట్లు సరిచేస్తూ పోయింది. సీటు కింది పిడి వదులు చేయడం, సీటు తిప్పడం, పిడి బిగించడం, తర్వాతిది. ఒక్కో సీటు తిప్పుతూ బావని ఒక్కో మాట అంది. ఆ మూడింటి తర్వాత బ్రేకు పట్టి చూడలేదు. అన్నీ మంచివే, ఇది కావాలని చేసిన పని అని తేలిపోయాక చూడాల్సిన అవసరం ఏముందని అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. కాసేపట్లో స్టాండు ఖాళీ అయింది, సైకిళ్లన్నీ మిట్ట దిగి వెళ్లిపోయాయి.

వ్యాను సగం దూరం దిగిందో లేదో వర్క్‌షాపు నుంచి ఫోను. అక్కడ మరమ్మతులు చేసే పెద్దాయన.

"అమ్మాయ్, పై స్టాండులో ఒక సైకిలుకి రెండు బ్రేకులూ పట్టట్లేదని రాత్రి ఎవరో చెప్పారు. పైకి తొక్కుకొచ్చేటప్పుడు తెలియలేదట, స్టాండు దగ్గర ఆపబోతే తెలిసిందట. సీటు తిప్పి పెట్టామన్నారు. తెచ్చావా?"

అక్క వ్యాను పక్కకి తీసి ఆపేసింది. తిప్పిన సీట్లలో ఒకటి నిజం చెప్పింది. తక్కినవాటితో పాటు దాన్నీ అబద్ధం కింద కట్టేసి, అక్క తన చేత్తోనే సరిచేసి జనానికిచ్చింది. రెండు బ్రేకులూ లేని సైకిలు మీద ఎవరో ఈ మిట్ట దిగుతున్నారు. కంపెనీ ఫోనులో చూస్తే, తీసుకెళ్లారు అని మాత్రమే ఉంది. ఎక్కడుందో స్టాండులో పెడితేగానీ తెలియదు.

అక్క బావకి ఫోను చేసింది. తిట్టలేదు. "మీరు తిప్పిన వాటి మధ్య నిజంగానే పాడైపోయినది ఒకటుందండీ. అది వెళ్లిపోయింది," అంది. అంతే.

సమ్మె శిబిరం ఆ పక్క వీధిలోనే. బావ పరుగెత్తుకొచ్చాడు. చెప్పొకటి ఎక్కడో ఊడిపోయినట్టుంది, ఒంటి చెప్పుతో ఉన్నాడు. వస్తూనే, "నేనే తిప్పాను. తెల్లారకముందే వచ్చి నేనొక్కడినే తిప్పాను. ఇంకెవరికీ తెలియదు," అన్నాడు. ఎవరూ అడగకుండానే.

వ్యాను మెల్లగా దిగుతోంది. అక్క కుడి పక్క, నేను ఎడమ పక్క, బావ మా ఇద్దరి మధ్యలోంచి ముందుకి వంగి, కనిపించిన ప్రతి సైకిలునీ చూస్తున్నాం. మలుపు తిరిగిన ప్రతిసారీ గుమిగూడిన జనం కనపడకూడదని మొక్కుకున్నాను. ఎవరైనా వేగంగా పోతుంటే అక్క హారను కొట్టేది, వాళ్లు ఆగి చిరాగ్గా చూసేవాళ్లు. ఆగగలిగారంటే ఇది కాదన్నమాట. తర్వాతి సైకిలు.

"ఒక్కరోజు," అన్నాడు బావ. "ఒక్కరోజు ఊరు ఆగితే మా మాట వింటారేమో అనుకున్నాను. సైకిలు విరగ్గొట్టలేదు, గాలి తీయలేదు. సీటే కదా అనుకున్నాను."

అక్క ఇంకో సైకిలు చూసి హారను కొట్టింది. అది ఆగింది.

"ఆ రోజు కూడా బ్రేకు వేశాను," అన్నాడు మళ్లీ. ఆ రోజు గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. "శక్తికొద్దీ వేశాను. అంత బరువు అంత త్వరగా ఆగదు. ఆగదని తెలిసే పట్టుకుని ఉన్నాను. ఆయన తలెత్తి చూశాడు. తర్వాత అందరూ నా తప్పేం లేదన్నారు. లేదేమో, వాళ్లన్నది నిజమేనేమో. ఆయనెవరో, ఇంట్లో ఎవరున్నారో చెప్పమంటే, నీకెందుకు, మర్చిపో అన్నారు. పోయి కాళ్లు పట్టుకుందామంటే మనిషి లేడు. వాళ్ల ఇల్లెక్కడో కూడా తెలియదు."

అక్క ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి ఆయన చేతి మీద వేసింది. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు ఒకే గోడకి అటూ ఇటూ ఉండి ఈ మాట అడగలేకపోయామే అనిపించింది.

కంపెనీ నుంచి ఫోను వచ్చింది. దిగువన పండ్ల కొట్టు దగ్గర ఒకావిడ పడిపోయింది, ఆసుపత్రికి తీసుకెళ్లారు, సైకిలు అదే. బతికే ఉందా అని అడగడానికి అక్కకి నోరు రాలేదు. నేను ఫోను లాక్కుని అడిగాను. చెయ్యి విరిగిందట. అంతేనా అని రెండుసార్లు అడిగాను. అవతలి మనిషికి నా మీద అనుమానం వచ్చినట్టుంది.

సమ్మె ఆ తర్వాత కొన్నాళ్లకి సగం గెలిచి ముగిసింది. సెలవులు పెంచారు, డాక్టరు సంగతి చూస్తామన్నారు. అక్క జరిగింది దాచకుండా చెప్పింది, కంపెనీవాళ్లు గట్టిగా చీవాట్లు పెట్టి వ్యాను చేతిలోనే ఉంచారు. బావని ఇకపై రైలెక్కమంటారో లేదో అప్పటికింకా తెలియదు. ఇవి పేపర్లో వచ్చినవీ, వాటాల్లో చెప్పుకున్నవీ. నేను చెప్పాలనుకున్నది ఆ రోజు ఆసుపత్రి గదిలో జరిగింది.

ఆవిడ దర్జీ. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, యాభై దాటి ఉంటుంది. కుడి చేతికి కట్టు, గడ్డం మీద గీత, నోటికి మాత్రం చిన్న దెబ్బ కూడా తగల్లేదు. అక్కా బావా గుమ్మంలో నిలబడి, "సీట్లు తిప్పింది నేనమ్మా," అని ఆయనా, "చూడకుండా సరిచేసింది నేనండీ," అని అక్కా ఒక్కసారే మొదలుపెట్టారు.

"ఇద్దరూ ఒకేసారి మాట్లాడకండి. ఒక్కొక్కళ్లని తిట్టాలి నేను," అందావిడ. "ముందు నువ్వు రావయ్యా."

బావ వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఇదేం చెయ్యి? కుడి చెయ్యి. కత్తెర పట్టే చెయ్యి. ఇప్పుడు దీన్ని గోడకి తగిలించుకోనా? ఎన్నేళ్ల తర్వాత సైకిలెక్కానో తెలుసా? మిట్ట దిగుతుంటే ఎంత హాయిగా ఉంది! చిన్నపిల్లనైపోయాననుకున్నా. తీరా చూస్తే బ్రేకు పడదే! ఆ పండ్ల కొట్టు అట్టపెట్టెలు అడ్డం లేకపోతే లారీ కిందికి పోయేదాన్ని. రేపటికి ఇవ్వాల్సిన బట్టలున్నాయి, నువ్వొచ్చి కుడతావా?"

"నేర్చుకుంటానమ్మా."

"నోర్మూసుకో. నేర్చుకుంటాడట! బుద్ధుందా నీకు? వయసొచ్చింది, సంసారం ఉంది. చేసే ముందు ఆలోచించక్కర్లేదా? నా ప్రాణం పోయుంటే ఎవరొచ్చి ఏం చేసేవాళ్లు?"

బావ మంచం పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా పెళ్లిళ్లలో, చావుల్లో ఎక్కడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. ఆవిడ కంగారుపడిపోయింది.

"చెయ్యే కదయ్యా విరిగింది, అతుక్కుంటుంది. ఏదో నొప్పి మీద అన్నాలే," అంది. అక్క దగ్గరికెళ్లి వానాకాలంలో జరిగింది తగ్గు గొంతుతో చెప్పింది. ఆవిడ వింటూ వింటూ బావ నడినెత్తి వైపు చూసింది. "అయ్యో, నాయనా," అంది. "దాంట్లో నీ తప్పే..."

"వద్దమ్మా," అన్నాడు బావ, తలెత్తి. "ఆ మాట అనకండి. ఇందాకటిలాగే తిట్టండి. దీన్లో నా తప్పుంది."

ఆవిడ బావ మొహంలోకి చూసింది. తర్వాత దిండు సర్దుకుని, ఎడమ చెయ్యి వేలు చూపిస్తూ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తీరిగ్గా, ఏదీ వదలకుండా.

అక్క నన్ను బయటికి లాక్కొచ్చింది. వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాం. "ఇన్నాళ్లూ అందరం ఓదార్చాం," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "మనలో ఒక్కళ్లమైనా ఆయన్ని తిట్టి ఉంటే బాగుండేదే."

లోపల ఆవిడ గొంతు పెరిగింది. మధ్య మధ్యలో, "అవునమ్మా, తప్పే. నాదే తప్పు," అంటున్నాడు బావ. వానాకాలం ముందు ఎలా ఉండేదో అలా, ఆయన గొంతు వరండా చివరిదాకా వినిపించింది.